గాలిమోటరుకు గంజి

బాలకిషన్ సెలవు మీద వచ్చిన ప్రతిసారీ కోరుట్ల బస్టాండు ముందరి చాయ్ హోటల్లో అదే నవ్వులాట మొదలయ్యేది.

“అన్నా, గాలిమోటరుకు బట్ట కుడుతవట గద. ఏం కుడుతవు, అంగీనా, లాగునా?” అని అడిగేవాడు ఏసయ్య. బుగ్గారం మనిషి. కోరుట్ల, జగిత్యాల నడుమ కిరాయి జీపు నడుపుతాడు.

“రెక్కలకురా. దాని రెక్కలు బట్టవే.”

“వానొస్తే తడువయా?”

“తడువకుంట మందు పూస్తరు.”

“మందు పడ్డంక మనిషే సక్కగ నిలవడడు. గది ఎట్ల ఎగురుతదే?”

బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వేవారు. బాలకిషన్ కూడా నవ్వి, సెల్‌ఫోన్ తీసి ఫొటో చూపేవాడు. అందులో ఒక పాతకాలపు చిన్న విమానం ఉండేది. ఒకే ఒక పొడుగాటి రెక్క, పందిరి వేసినట్టు నెత్తి మీద. దాని కింద ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, పైన కప్పు లేదు. ముందర గుండ్రటి ఇంజను, కట్టె పంకా. ఫొటో చేతులు మారి మారి మళ్ళీ అతని దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు తేల్చేసేవారు: “జాతరల పిల్లలకు అమ్మేటిది గిట్లనే ఉంటది.”

అది జాతర బొమ్మ కాదు. ఫ్రాన్సు దేశపు పటాలంలో కుర్రవాళ్ళకు ఎగరడం నేర్పడానికి, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఆ దేశంలో తయారుచేసిన శిక్షణ విమానం. మొరాన్ అంటారు. ఒక సీటు నేర్పేవాడిది, ఇంకొకటి నేర్చుకునేవాడిది. రైతుల పిల్లలు, కూలీల పిల్లలు అందులో కూర్చుని ఆకాశం నేర్చుకున్నారు, ఆ తర్వాత యుద్ధానికి పోయారు. యుద్ధాన్ని నిర్ణయించిన పెద్దమనుషులు మాత్రం ఆ సీట్లలో కూర్చోలేదు. అది ఏ దేశంలోనైనా అంతే.

సిరిసిల్ల మగ్గం పిల్లవాడికి ఆ విమానంతో ఏం పని పడిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

బాలకిషన్ గుంట మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాడు. తండ్రి గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు, తల్లి శంకరవ్వ గంజి కాచేది. పొద్దున్నే వాడకట్టు పొడుగునా పడుగులు సాగదీసి కట్టి, ఆలుమగలు చెరొక పక్క నిలబడి నూలుకు గంజి పట్టిస్తూ కుంచెతో దువ్వేవారు. గంజి తాగని నూలు మగ్గం మీద నిలవదు, పోగు పోగునా తెగుతుంది. నేత ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇది నడక కంటే ముందు తెలిసిపోయేది. ఇంకొకటి కూడా తెలిసిపోయేది. మగ్గం మీద బట్టను మొదలుపెట్టిన చేయే దాన్ని ముగించాలి. నడుమ ఇంకొకరు కూర్చుంటే దెబ్బ మారుతుంది, బట్ట మీద అక్కడొక గీత తేలుతుంది. నాయిన జ్వరంతో పడుకున్నా సగం నేసిన బట్ట అట్లాగే ఎదురుచూసేది గానీ ఎవరూ ముట్టేవారు కాదు.

తర్వాత సాంచెలు వచ్చాయి. మరమగ్గాలను సిరిసిల్లలో అట్లాగే అంటారు. రాత్రీ పగలూ ఊరంతా ఒకటే చప్పుడు. నాయిన మగ్గం కట్టెలు ఒక వానాకాలం పొయ్యిలోకి పోయాయి. తర్వాతి కాలంలో సాంచెల కార్మికులు కూడా ఉసురు తీసుకోవడం మొదలైంది. ఆ వార్తలు మొదట పేపరు మొదటి పేజీలో వచ్చేవి, మెల్లగా లోపలికి జరిగాయి. చనిపోయినవాళ్ళు చేతకానివాళ్ళు కాదు. వాళ్ళు నేసిన బట్టకు బజారులో చోటు లేకుండా చేసిన విధానాలు రాజధానుల్లో కూర్చున్నవాళ్ళు రాశారు. రాసినవాళ్ళ ఫొటోలు ఏ పేజీలోనూ రాలేదు.

బాలకిషన్‌కు సాంచె పొసగలేదు. కోరుట్ల పిల్ల విజయను చేసుకుని అత్తగారి ఊళ్ళోనే కాపురం పెట్టాడు. విజయ బీడీలు చుట్టేది. అతను జగిత్యాల ఏజెంటు ద్వారా గల్ఫ్ పోయి, ఎడారిలో టూరిస్టుల కోసం డేరాలు కుట్టే కంపెనీలో చేరాడు. ఒకరోజు అక్కడికి తెల్ల మీసాల ముసలాయన ఒకడు వచ్చాడు. చేత్తో కుట్టేవాళ్ళు ఉన్నారా అని అడిగి, అందరి కుట్టూ తిప్పి తిప్పి చూసి, బాలకిషన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన పేరు మార్సెల్. ఫ్రాన్సు దేశస్థుడు. పాత యంత్రాల పిచ్చి ఉన్న ఒక అరబ్బు సేఠ్ కోసం మొరాన్ విమానాన్ని మళ్ళీ బతికిస్తున్నాడు. కుర్రతనంలో ఆయన ఎగరడం నేర్చుకున్నది అదే రకం విమానంలో. ఇప్పుడది పెట్టెల్లో వచ్చిన అస్థిపంజరం, అంతే.

మొదట తోక ముక్క ఒకటి ఇచ్చి బట్ట తొడగమన్నాడు. నార బట్ట తాను చేతికి వచ్చింది. బాలకిషన్ దాన్ని పట్టి చూస్తే మెత్తగా, జావలా వేళ్ళ మీద నుంచి జారుతోంది. ఇంత లూజు బట్ట గాలికి నిలుస్తుందా అని అతనికి బెంగ పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. అడగవలసిన సంగతని కూడా తోచలేదు. లేబర్ క్యాంపు వంటగదిలో అన్నం వార్చిన గంజి తెచ్చి, వడగట్టి, అమ్మ పట్టించినట్టే బట్టకు పట్టించాడు. ఆరాక అది తప్పెటలా మోగింది. గర్వంగా తోకకు తొడిగి కుట్టాడు.

మర్నాడు మార్సెల్ దాని మీద మందు పూశాడు. ఘాటు వాసన వేసే ఆ మందు నూలులోకి ఇంకి బట్టను బిగించాలి. ఇంకలేదు. పైపైన పొరలా ఆరి, గోటితో లాగితే పాము కుబుసంలా ఊడి వచ్చింది. ముసలాయన బట్టను వాసన చూశాడు. నాలుక కొనకు తాకించాడు. బాలకిషన్ వైపు తిరిగి, తనకు వచ్చిన గల్ఫ్ హిందీలో ఒకే మాట అడిగాడు.

“చావల్?”

బియ్యం గంజే అన్నట్టు బాలకిషన్ తల ఊపాడు. టికెట్టు కొని ఇంటికి పంపిస్తాడని మనసులో అనుకున్నాడు. మార్సెల్ స్టూలు మీద కూలబడి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి చెప్పాడు: ఈ విమానాన్ని చేసిందే తప్పులు చేసేవాళ్ళ కోసం. నేర్చుకునేవాడు విమానం నడిపే కర్రను గట్టిగా బిగబట్టుకుంటాడు, భయంతో అటూ ఇటూ గుంజుతాడు. ఇది కోప్పడదు. చెయ్యి వదిలేస్తే తనంతట తానే సర్దుకుంటుంది. నువ్వు కూడా నీ బట్టను కాస్త వదిలెయ్యి. అది లూజుగానే ఉండాలి. నీళ్ళకు కొంత, మందుకు కొంత, అదే బిగుసుకుంటుంది.

తొడిగినదంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. అట్లా బాలకిషన్ కొత్త పని నేర్చుకున్నాడు. రెక్కకు బట్ట తొడిగాక, లోపలి కట్టె బద్దలకు దాన్ని కట్టెయ్యాలి. ఒకడు పైన, ఒకడు కింద. మూరెడు పొడుగు సూది పై నుంచి దిగుతుంది, కిందివాడు అందుకుని బద్దకు అవతలి పక్క నుంచి పైకి పంపుతాడు, పైవాడు ముడి వేస్తాడు. మళ్ళీ జానెడు జరగాలి. బాలకిషన్‌కు వాడకట్టులో పడుగుకు చెరొక పక్క నిలబడిన అమ్మా నాయినా యాదికొచ్చేవారు. ఒక బద్ద కుట్టడం మొదలుపెట్టినవాడే దాన్ని ముగించాలని, చెయ్యి మారితే ముడి బిగువు మారుతుందని మార్సెల్ చెప్పినప్పుడు అతను నవ్వాపుకోలేదు.

“మా ఇంట్ల సుత గిదే లెక్క సాబ్” అన్నాడు తెలుగులోనే.

ముసలాయనకు అర్థమైనట్టే ఉంది.

విమానం పూర్తయ్యేసరికి మార్సెల్ ఒక మాట ఇచ్చాడు. మొదటిసారి ఎగిరేది తానే, రెండో సీటులో కూర్చునేది బాలకిషన్. ఆ తర్వాత సేఠ్ దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తాడు. నూనె తీసేసి కప్పుకు వేలాడదీస్తారు. మళ్ళీ ఎగరదు. ఆ ఒక్కసారే.

బాలకిషన్ విమానాలు ఎక్కని మనిషి కాదు. గల్ఫ్ పోయిన ప్రతివాడూ ఎక్కినవాడే, మోకాళ్ళు ముడుచుకుని, ఏడుపు దిగమింగుకుని. కానీ తన చేతి కుట్టు మీద ఆధారపడి గాలిలో నిలబడటం వేరు. ఆ సంగతి తలుచుకుంటే రెండో పూట అన్నం కూడా యాదికొచ్చేది కాదు.

ఇంతలో తల్లి శంకరవ్వ పోయి ఏడాది అయింది, మాసికం వచ్చింది. అదయ్యాక తిరిగి పోవచ్చని సెలవు మీద ఇంటికి వచ్చాడు. అది రెండు వేల పదకొండు. మాసికం పెట్టిన కొన్ని రోజులకే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. బడులు, కచ్చీర్లు మూతపడ్డాయి. బొగ్గు బాయిలు ఆగాయి. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి జనం వండుకు తిన్నారు. ఎవరి నీళ్ళు, ఎవరి కొలువులు, ఎవరి పైసలు ఎటు పోయాయో ప్రతి చౌరస్తాలో ప్రతివాడూ చెప్పగలిగిన కాలం అది.

విమానం శుక్రవారం పొద్దున ఎగురుతుందని మార్సెల్ ఫోన్ చేశాడు. బాలకిషన్ జగిత్యాల పోతే ఏజెంటు సగం దించిన షట్టరు కింద నుంచి టికెట్టు అందించాడు.

“బుధవారం రాత్రి గాలిమోటరు. గిది తప్పితే దసర దాటినంకనే సీటు, నన్నేమనొద్దు” అన్నాడు.

ఇంటికి వచ్చి బట్టలు సర్దుకుంటుంటే విజయ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. బీడీల చేట ఖాళీగా గోడకు ఆనించి ఉంది.

“సకల జనుల సమ్మె అంటున్నరు. నేను బీడీలు చుట్టుడు బంద్ పెట్టిన. నువ్వు ఏ జనంలకు అస్తవు?” అంది.

“నా పని ఆడ గదనే. గాడ సమ్మె లేదు గద.”

“రాష్ట్రం అచ్చినంక సుత ఆడ్నే ఉంటవా?”

బాలకిషన్ చొక్కా మడత రెండుసార్లు విప్పి రెండుసార్లు పెట్టాడు.

“సరే తియ్. పోయి ఎక్కి రా” అంది విజయ, లేచి డబ్బాలో సకినాలు కడుతూ. “నువ్వు ఎక్కినవంటే చాయ్ హోటలోళ్ళు నమ్మకున్నా నేను నమ్ముత.”

బుధవారం పొద్దున్నే ఏసయ్య జీపు వచ్చింది. అద్దానికి ‘ఎయిర్‌పోర్ట్’ అని రాసిన తెల్ల కాగితం అంటించి ఉంది. గల్ఫ్ పోయేవాళ్ళను ఆపొద్దని సమ్మె నడిపే జేఏసీ వాళ్ళే చెప్పారు. వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేదాకా ఎక్కడా అడ్డుకోలేదు. పాస్‌పోర్టు చూపిస్తే రాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చారు.

సిరిసిల్లలోకి దిగగానే బాలకిషన్ జీపు ఆపమన్నాడు.

“ఏమైందే?”

“చప్పుడు లేదు.”

సాంచెలన్నీ ఆగిపోయాయి. పెరిగి పెద్దయ్యాక ఆ ఊరిని అతను చప్పుడు లేకుండా వినలేదు. ఎవరో పొయ్యిలో కట్టె విరిచిన సద్దు, సందు అవతల దగ్గు, మానేరు వైపు నుంచి గాలి, అన్నీ వేరువేరుగా వినబడుతున్నాయి. నాయిన మగ్గం ఆడిన కాలంలో ఊరు ఇట్లాగే ఉండేదేమో అనుకున్నాడు.

చౌరస్తా దగ్గర దీక్షా శిబిరం. టెంటు కింద పొద్దుకొక జట్టు నిరాహార దీక్షకు కూర్చుంటోంది. ఆ రోజు మెడలో దండలతో కూర్చున్నవాళ్ళలో గౌరవ్వ ఉంది. శంకరవ్వతో కలిసి పడుగులకు గంజి పట్టించిన ముసలామె. శిబిరం నడిపించేది సాంచెల కార్మికుడు మొగిలి. బాలకిషన్‌కు మేనత్త కొడుకు.

“ఏం బావా, గాలిమోటరుకు అంగీ తొడిగినవా? కాజాలు, గుండీలు అన్నీ సరిపోయినయా?” అని పిలిచాడు మొగిలి.

“నీ పెండ్లి అంగీ కంటె సక్కగనే కుట్టిన.”

“గది పెండ్లి నాడే చినిగె. చాయ్ తాగి పో.”

చాయ్ గ్లాసు చేతికి వచ్చేసరికి మానేరు వైపు నుంచి గాలిదుమారం లేచింది. టెంటు ఒక్కసారి ఉబ్బి, నడిమి గుంజ దగ్గర రెండు పట్టాలు కలిసే కుట్టు పర్రుమని విచ్చింది. ఒక మూల కిందికి వాలింది. మగవాళ్ళు ఉరికి గుంజలు పట్టుకున్నారు. దీక్షలో ఉన్నవాళ్ళు కదల్లేదు. గౌరవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుంది, అంతే.

రోడ్డు అవతల పోలీసు జీపు ఆగి ఉంది. అందులోని అధికారి దిగలేదు, అద్దం మాత్రం కిందికి దించాడు. ఎందుకు దించాడో అక్కడ అందరికీ తెలుసు. ఉన్న టెంటును పీకం, పడినదాన్ని మళ్ళీ లేపనియ్యం అని రెండు రోజుల కిందనే చెప్పిపోయాడు. చట్టానికి కూడా గాలివాటం ఉంటుంది మరి.

పక్క సందులోని దర్జీ వచ్చి చూశాడు. “కిందికి దించితె మిషన్ మీద గడియల కుట్టిస్త” అన్నాడు.

“దించితె మళ్ళ లేవదన్నా” అన్నాడు మొగిలి. “దించకుంట కుట్టాలె.”

“నిలవడ్డ బట్టను ఎట్ల కుడుతరు?”

బాలకిషన్ తలెత్తి చూస్తున్నాడు. గుంజల మీద చాచిన బట్ట, కింద ఒక మనిషి, పైన ఒక మనిషి. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“గోనెసంచులు కుట్టే దబ్బనం ఉన్నదా? నూలు కావాలె. నాలుగు పోగులు పేనాలె. కొవ్వొత్తి కావాలె, మైనం పట్టియ్యనీకి.”

అన్నీ వచ్చాయి. నూలుకు ఆ ఊళ్ళో కొదవ లేదు. దబ్బనం చేతికి వచ్చాక మాత్రం బాలకిషన్ ఆగిపోయాడు. చీలిక నిలువెత్తున ఉంది. అటూ ఇటూ పాత కుట్టు కూడా వదులై కూర్చుంది. మొదలుపెడితే పొద్దు గూకుతుంది.

ఏసయ్య పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “అన్నా, సిద్దిపేట కాడ పగటికి రోడ్డు బంద్ పెడ్తరట, ఎయిర్‌పోర్టు కాయితం సుత నడువదట. ఇప్పుడు ఎల్తెనే అందుతవు.”

మొగిలి విన్నాడు. “నువ్వు పో బావా. రెండు కుట్లు మాకు సూపెట్టి పో. మిగిలింది మేం చేసుకుంటం.”

బాలకిషన్ గౌరవ్వ వైపు చూశాడు. ఆమె అతని మొహం చూడటం లేదు, దబ్బనం పట్టిన చేతిని చూస్తోంది. మగ్గం మీద బట్ట సగంలో వదిలి లేచినవాణ్ణి ఆ వాడకట్టులో ఏమనేవారో ఇద్దరికీ తెలుసు.

“నా సంచి దించు ఏసయ్యా” అన్నాడు.

“ఒక్కసారే ఎగురుతదంటివి గద.”

“ఒక్కసారే.”

ఏసయ్య సంచి దించాడు. అద్దం మీది తెల్ల కాగితం గోటితో మెల్లగా గీకి తీశాడు.

బాలకిషన్ నిచ్చెన ఎక్కి టెంటు పైన, మొగిలి లోపల బల్ల ఎక్కి కింద. బట్ట నడుమ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనబడదు.

“సూది వస్తున్నది, పట్టు.”

“పట్టిన.”

“ఎడమ దిక్కు నుంచి పైకి పంపు. గట్టిగ గుంజకు, వదిలెయ్.”

“బావా, గది నా వేలు.”

“బట్ట కంటె మెత్తగుంటె ఏందో అనుకున్న.”

కింద కూర్చున్నవాళ్ళు నవ్వారు. దీక్షలో ఉన్నవాళ్ళు నవ్వితే ఆకలి ఎక్కువవుతుందని ఎవరో కసిరారు. ముడి తర్వాత ముడి పడుతూ పోయింది. నడుమ ఒక జల్లు వచ్చి పోయింది. కుట్టిన మేరకు చుక్క కారలేదు. పోలీసు అధికారి అద్దం ఎక్కించుకున్నాడు. కాసేపటికి ఒక జవాను వచ్చి, మొహమాటంగా, రెండు చాయ్‌లు అడిగి తీసుకుపోయాడు. అతనిది కూడా ఈ ప్రాంతమే.

పొద్దు వాలేసరికి చివరి ముడి పడింది. నిచ్చెన దిగిన బాలకిషన్ వేళ్ళు ముడుచుకోలేకపోయాడు. గౌరవ్వ అతని చెయ్యి తీసుకుని, మైనం అంటిన వేళ్ళను తన కొంగుతో తుడిచింది.

“మీ అమ్మ శంకరి ఉంటె సూస్తుండె” అంది.

శుక్రవారం పొద్దున దీక్షకు కూర్చున్న జట్టులో బాలకిషన్ కూడా ఉన్నాడు. విజయ కోరుట్ల నుంచి ఏసయ్య జీపులో వచ్చి అతని మెడలో బంతిపూల దండ తనే వేసింది. అతను ఫోన్ ముందర పెట్టుకుని, దాన్ని చూడనట్టు కూర్చున్నాడు. ఎండ టెంటు బట్టలోంచి దిగుతోంది. కుట్టు మాత్రం నీడలో నల్లటి గీతలా కనబడుతోంది.

ఫోన్ మోగింది. అవతల గాలి చప్పుడు, జనం చప్పట్లు, నడుమ మార్సెల్ గొంతు. బాలకిషన్ ఒకటే అడిగాడు, రెక్క ఎట్లా ఉంది అని. ఒక్క ముడి కదలలేదని, బట్ట ఒక్క చోట కూడా వణకలేదని చెప్పాడు ముసలాయన. మూడు చుట్లు తిరిగి, గడ్డి మీద దిగినట్టు దిగిందట. ఆ తర్వాత ఏదో చెప్పాడు. బాలకిషన్ మళ్ళీ చెప్పమన్నాడు. విని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే తల వంచుకున్నాడు. అతని భుజాలు కదలడం చూసి విజయ ఏడుస్తున్నాడనుకుంది. దగ్గరికి జరిగితే తెలిసింది, నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు ఉన్నమాట కూడా నిజమే.

“ఏమన్నడే?” అంది.

“ఇంకొకల్లను ఎక్కించుకోలేదట. సీటు ఖాళీగుంటె బరువు సరిపోదని నా జాగల బియ్యం మూట కట్టుకున్నడట.”

“బియ్యం మూటనా?”

“నా కంటె మంచిగ కూసున్నదట. కర్ర పట్టుకోలేదు, భయపడలేదు అన్నడు. దిగినంక గది వండి అందరికి పెడ్తున్నరట. గంజి నా పేరు మీద పక్కకు పెట్టిండట.”

గౌరవ్వకు గంజి కథ తెలియదు. విజయ చెప్పడం మొదలుపెట్టింది. తోక దాకా వచ్చేసరికి టెంటు కింద ఉన్నవాళ్ళంతా దగ్గరికి జరిగారు. ఏసయ్య కూడా జీపు దిగి వచ్చి, గుంజకు ఆనుకుని వింటున్నాడు. మొగిలి చూపుడు వేలికి పాత గుడ్డ పీలిక చుట్టి ఉంది.

“బావా” అన్నాడు మొగిలి, చాలాసేపు ఆలోచించినట్టు. “గా బియ్యం దొడ్డువా, సన్నయా?”

“అడుగలే.”

“అడుగకపోతివి” అంది గౌరవ్వ. “దొడ్డు బియ్యమైతెనే గంజి చిక్కగస్తది.”